ఇకమీదట కుక్కపిల్ల కావాలంటే ముందు మీ ఇల్లు చూస్తాను

పర్లాకిమిడిలో షాపు పెట్టి ఆరేళ్ళయింది. పాతపట్నం, కాశీనగర్, గుణుపురం నుంచి కూడా వచ్చి, నా మాట నమ్మి కుక్కపిల్లల్ని తీసుకెళ్ళారు. ఈ ఏడాది వాటిలో మూడు తిరిగొచ్చాయి. తెచ్చి వదిలినవాళ్ళను నేనేమీ అనను. అడగాల్సినవి అడక్కుండా ఇచ్చింది నేనే.

మొదట వచ్చింది బీగిల్. మేడ మీద అద్దె పోర్షన్, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. "చిన్నగా, ముద్దుగా ఉండేది ఇవ్వండి" అన్నారు, ఇచ్చేశాను. పగలంతా అది ఒంటరిగా ఊళ పెడుతుంటే ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడట. వచ్చిన రోజు దాన్ని మా పెరట్లో వదిలాను. ముక్కు నేలకు ఆనించి కాలవ గట్టు వెంట, కొబ్బరి చెట్టు మొదట్లో, గోడ వార తిరుగుతూనే ఉంది. పేరు పెట్టి పిలిచినా తలెత్తలేదు. ముప్పావుగంట తర్వాత వచ్చి నా కాళ్ళ దగ్గర పడి నిద్రపోయింది. గుంపుగా, వాసన పట్టి కుందేళ్ళను తరమడానికి ఇంగ్లండులో పెంచిన జాతి అది. అలాంటిదాన్ని ఒక గదిలో పెట్టించానని ఆ రోజు చాలా బాధపడ్డాను.

జాతి కుక్కలను నమోదు చేసే సంస్థ కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా లెక్కలో కుక్కలు 10 గ్రూపులు. చాలావరకు ఏ పనికి పెంచారన్నదే ఆ విభజనకు ఆధారం. జర్మన్ షెపర్డ్ మొదటి గ్రూపు, మందలు కాసేది. వాకిట్లో పరుగెత్తే పిల్లల మడమలు పట్టబోతే దానికి పిచ్చి పట్టిందనుకోకండి, అది మందను మళ్ళించే అలవాటు. చిన్నప్పుడే మాన్పించాలి. ల్యాబ్, అంటే లాబ్రడార్, ఎనిమిదో గ్రూపు. వేటగాడు కొట్టిన పిట్టను నోట కరిచి తెచ్చే జాతి కాబట్టి మీ చెప్పులు కూడా తెస్తుంది. పగ్ తొమ్మిదో గ్రూపు, మనిషి పక్కన ఉండడమే దాని పని. కానీ ఆ పొట్టి ముక్కుతో మన ఎండల్లో ఊపిరికి ఇబ్బంది పడుతుంది. మధ్యాహ్నం బయట తిప్పకండి.

రెండోది హస్కీ. సైబీరియా మంచులో బండి లాగిన జాతి, రెండు పొరల బొచ్చు. మే నెలలో మా షెడ్డులో తడి గోనెసంచికి పొట్ట ఆనించి, ముందుకాళ్ళు నీళ్ళ గిన్నెలో పెట్టుకుని వగర్చడం రోజూ చూశాను. నన్ను ఎక్కువమంది అడిగేది హస్కీనే. అయినా ఇక తెప్పించను. అడ్వాన్సు ఇచ్చిన నలుగురికీ ఈ ఆదివారం డబ్బు తిరిగి ఇచ్చేస్తున్నాను.

మూడోది ల్యాబ్. ఇక్కడ నా తప్పు ఇంకోలాంటిది. "ల్యాబ్ అంటే పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది, గ్యారంటీ" అని చెప్పి ఇచ్చాను. అది మనిషి అలికిడికే మంచం కిందకు దూరేది. ఆరా తీస్తే, ఐదు వారాలకే తల్లి నుంచి విడదీసి నాకు పంపారని తెలిసింది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. వయసు రుజువు చూడకుండా దించుకున్నాను. 2022లో అమెరికా పరిశోధకులు 18,000కు పైగా కుక్కల వివరాలు పరిశీలిస్తే, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. గ్రూపు పేరు చూసి గుణానికి గ్యారంటీ ఇచ్చే హక్కు నాకు లేదు.

అందుకని ఇకమీదట పిల్లను ఇచ్చేముందు మీ ఇంటికి వస్తాను. పగలు ఇంట్లో ఎవరుంటారు, పెరడుందా, ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉన్నారా అని అడుగుతాను. విసుక్కోకండి. 8 వారాలు నిండితేనే ఇస్తాను, తొందరపెడితే ఇవ్వను. ఊరకుక్క పిల్లలు కూడా మా దగ్గర ఉన్నాయి, టీకాలు వేయించాను, డబ్బు తీసుకోను. మన ఎండకు, మన వానకు అవే బాగా తట్టుకుంటాయి. ఇంతకుముందు నా దగ్గర తీసుకుని ఇప్పుడు పెంచలేకపోతున్నవాళ్ళు దయచేసి రోడ్డు మీద వదలకండి, నాకు తెచ్చి ఇవ్వండి. ఒక్క మాట కూడా అనను.

బీగిల్‌కు పెరడున్న ఇల్లు దొరికింది, అక్కడ తోడుగా ఇంకో కుక్క ఉంది. హస్కీని కొండ మీద చల్లటి ఊళ్ళో ఉండే ఒకాయన తీసుకెళ్ళాడు. ల్యాబ్ ఇంకా మా కౌంటరు కిందే ఉంటోంది. సందడి లేని ఇల్లు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, సాయంత్రం షాపులో జనం పలచబడ్డాక రండి. పిలవకండి, చేయి చాచకండి, కింద కూర్చోండి చాలు. నిన్న ఓ అరగంటకు అదే వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించింది.