ఒరేయ్ సూరీ, ఏ లెన్స్ కొనాలో తేలిపోయింది!

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందు క్షమించు. ప్రయాణాలకు ఏ వైడ్ లెన్స్, అంటే ఎక్కువ వెడల్పు ఒక్కసారిగా పట్టే కెమెరా లెన్స్, కొనాలో చెప్పమని అడిగావు. చేతిలోకి తీసుకుని, నాలుగు చోట్ల తిప్పి చూడకుండా నీ డబ్బు ఖర్చు పెట్టించడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. తమ్ముడికి పలాస బదిలీ అయింది. మీ నాన్నగారికి పొందూరు పంచె తీసి ఉంచాను, అంచు ఆయన చెప్పిన రంగే. గొడుగు మాస్టారు బజారులో కనిపించి నిన్ను అడిగారు. చేతిలో గొడుగు లేదు! నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఇక అసలు విషయానికి వస్తాను, రెండు రోజులుగా ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

శ్రీముఖలింగం వెళ్లాను. రెండు లెన్స్‌లు సంచిలో వేసుకుని మరీ వెళ్లాను. ఒకటి మా బావమరిదిది, టోకినా 11-16, ఎఫ్2.8. రెండోది మా వీధి స్టూడియో ఆయన ఇచ్చిన నికాన్ 10-20, ఎఫ్4.5-5.6. మిల్లీమీటర్ల అంకె చిన్నదైన కొద్దీ చూపు వెడల్పు, ఎఫ్ పక్కన అంకె చిన్నదైన కొద్దీ వెలుతురు ఎక్కువ. మొదటిది అర కిలో దాటుతుంది, రెండోది 230 గ్రాములు. చేతిలో పెట్టుకుంటే నమ్మబుద్ధి కాదు, ఖాళీ డబ్బా ఇచ్చాడేమో అనిపిస్తుంది. నాకు మొదట మనసు పడింది ఎఫ్2.8 మీదే. వెలుతురు రెండున్నర రెట్లు ఎక్కువ లోపలికి తీసుకుంటుంది కదా, గుడి మండపాల్లో అదే గొప్పగా ఉంటుందని లెక్క వేసుకున్నాను.

తెల్లవారుతుండగా చేరాను. మధుకేశ్వరాలయం ఆవరణ నీకు గుర్తుందా? చుట్టూ ప్రహరీ, మధ్యలో పెద్ద గుడి, మూలల్లో చిన్న గుళ్లు. ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే అంటారు చరిత్రకారులు. అంత శిల్పం ఉన్న చోట వెనక్కి జరగడానికి మాత్రం చోటు లేదు. మన పాత 18-55 ఎంత వెడల్పుకు తిప్పినా శిఖరం తెగిపోయేది, వీపు గోడకు తగిలేది. చిన్న సెన్సర్ (లోపల వెలుతురు పట్టే పలక) ఉన్న మన కెమెరా మీద 18 అంటే పెద్ద సెన్సర్ మీద 27తో సమానం, సుమారు 76 డిగ్రీల చూపు. 10 పెడితే 109 డిగ్రీలు. గుడి మొత్తం ఒక్కసారిగా లోపలికి వచ్చి కూర్చుంది!

కూర్చుంది గానీ, వెనక్కి వాలిపోయి కూర్చుంది. శిఖరం కోసం కెమెరా కాస్త పైకి ఎత్తగానే గోడలన్నీ పైకి పోతూ దగ్గరైపోతాయి, గుడి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. కెమెరాను నిటారుగా పట్టుకుంటే గోడలు నిలబడతాయి, కానీ బొమ్మలో కింది సగం ఉత్త నేలే. ఆ నేలను ఏం చేసుకోవాలి? అక్కడే ఆగిపోయాను కాసేపు.

అప్పుడు చూశాను, ఒకావిడ వాకిట్లో ముగ్గు వేస్తోంది. చుక్కలు పెట్టేసింది, గీతలు కలుపుతోంది. "అమ్మా, ఫోటో తీసుకోనా?" అని అడిగితే తల ఎత్తకుండానే "తీసుకో బాబూ, ముగ్గు మాత్రం తొక్కకు" అంది. నేల మీద గొంతుక్కూర్చున్నాను. 10 దగ్గర పెట్టి, ఎఫ్8 పెట్టి, రెండడుగులకు కాస్త అవతల ఫోకస్ చేశాను. అలా చేస్తే సుమారు అడుగు దూరం నుంచి కనుచూపు మేర వరకూ అంతా స్పష్టంగా వస్తుంది. స్టూడియో ఆయన పదే పదే చెప్పిన కిటుకు ఇదే. ఒక్కటి తీశాను. తెర మీద చూసుకుని అక్కడే కేక పెట్టాను, ఆవిడ ఉలిక్కిపడింది పాపం.

సూరీ, ఆవిడ వేళ్ల మధ్య నుంచి జారుతున్న పిండి రేణువులు కనిపిస్తున్నాయిరా! చూపుడు వేలికి వెండి చుట్టు, గోటి చివర పసుపు, తడి రాతి మీద అప్పుడే పడిన తెల్ల గీత. ఆ గీతలు పట్టుకుని చూపు పైకి వెళితే నిటారుగా నిలబడిన గుడి, దాని మీద కలశం కూడా స్పష్టంగా. పనికిరాదనుకున్న కింది సగమే బొమ్మకు ప్రాణం పోసింది. నాకు వైడ్ లెన్స్ అర్థమైంది అక్కడే. అన్నీ పట్టాలని దూరంగా నిలబడితే అది అన్నిటినీ చిన్నవి చేసి పారేస్తుంది. ఒక వస్తువు మీదకు వెళ్లి, దాదాపు తగిలేంత దగ్గరగా కూర్చుంటే దాన్ని పెద్దది చేసి, వెనక ఊరంతా చూపిస్తుంది. ఈ నికాన్ లెన్స్ సెన్సర్ నుంచి 22 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. ప్రయాణాల్లో మనకు కావలసింది అదే కదా?

మండపంలో కూడా చూశాను, నా లెక్క అక్కడ తారుమారైంది. గర్భగుడిలో కెమెరా తీయలేదు, బయటి స్తంభాల దగ్గర మాత్రమే. చిన్న లెన్స్‌లో వణుకు ఆపే ఏర్పాటు ఉంది, సెకనులో పదో వంతు పెట్టి చేత్తోనే తీస్తే స్తంభాల చెక్కడం చెదరకుండా వచ్చింది. టోకినాలో ఆ ఏర్పాటు లేదు. కదిలే మనుషులకైతే ఆ వణుకు ఆపడం ఉపయోగపడదు, నిజమే. రాత్రి నక్షత్రాలకు కూడా ఎఫ్2.8దే పైచేయి. ఆ సాయంత్రం కళింగపట్నంలో చీకటి పడేదాకా కూర్చుని ఆ సంగతి కూడా చూసుకున్నాను, టోకినాలో ఆకాశం ఎంత బాగా వచ్చిందో నీకు చూపిస్తాను. కానీ మనం ఏడాదిలో నక్షత్రాలు ఎన్ని రాత్రులు తీస్తాం? పగలంతా మెడకు వేలాడేది ఏది?

మా మేనల్లుణ్ణి కూడా తీసుకెళ్లాను. వాణ్ణి బొమ్మ అంచున నిలబెడితే ముఖం దోసకాయలా సాగింది. మనుషుల్ని మధ్యకు తెచ్చుకోవాలి, అది గుర్తుంచుకో. ఇంకొకటి, మందస వైపు వెళ్లినప్పుడు మహేంద్రగిరిని దీంతో తీయకు. 1,500 మీటర్ల కొండ గట్టులా కనిపిస్తుంది, చూస్తే ఏడుపొస్తుంది. దానికి 18-55ను 55 దగ్గర పెట్టుకోవడమే మేలు, అందుకే ఆ పాత లెన్స్ ఎవరికీ ఇచ్చేయకు.

ఇప్పుడు నీ విషయం. నీది కెనాన్ ఎర్ర పట్టీ, నాది నికాన్ పసుపు పట్టీ. ఆ పాత యుద్ధం ఇవాళ వద్దు, జీడిపప్పు పందెం ఇంకా బాకీ ఉంది. నా నికాన్ లెన్స్ నీ కెనాన్‌కు ఎక్కదు. నువ్వు కెనాన్ 10-18 ఎఫ్4.5-5.6 తీసుకో, ఐఎస్ (అదే వణుకు ఆపే ఏర్పాటు) ఉన్నది. 240 గ్రాములు. నీ సెన్సర్ లెక్కలో 16 నుంచి 29 అవుతుంది, నాది 15 నుంచి 30. ఆ ఒక్క మిల్లీమీటరు నాదే గెలుపు అని నేను అనను. (అన్నాను.)

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తున్నావు కాబట్టి ఒక మాట. విజయనగరంలో మీ మేనత్తగారి మేడ మీద నుంచి తీస్తానన్నావు. వద్దురా. అంత ఎత్తు నుంచి, అంత దూరం నుంచి సిరిమాను అగ్గిపుల్లంత వస్తుంది. మనం కింద దారి పక్కన నిలబడదాం. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వెళతాయి, తరువాత సిరిమాను. మాను మొదలు మన పక్క నుంచి కదులుతుంటే, చివర కూర్చున్న పూజారి ఆకాశంలోకి లేచి కనిపించాలి. ఒక్క బొమ్మలో మాను పొడవంతా! అమ్మవారి చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, ఒకసారి తప్పినా ఇంకోసారి దొరుకుతుంది. ఆ జనంలో లెన్స్ మార్చే చోటెక్కడ? మెడలో ఒక్కటే ఉండాలి, అది మెడ లాగనిది అయి ఉండాలి. అక్కడే నా మనసు 230 గ్రాముల వైపు పూర్తిగా మొగ్గింది.

ఆ తరువాత భువనేశ్వర్ ప్రయాణం. ముక్తేశ్వరాలయం తోరణం కింద కూర్చుని పైకి... కాదు, నిటారుగానే పట్టుకుని, దాని గుండా గుడి కనిపించేలా తీయాలని ఇప్పటి నుంచే ఊహించుకుంటున్నాను. నువ్వు టికెట్లు చూశావా? లేకపోతే

అయ్యో, పక్కింటి అబ్బాయి ఆమదాలవలస స్టేషనుకు బయలుదేరుతున్నాడు, ఉత్తరం అక్కడ డబ్బాలో వేస్తానంటున్నాడు. బండి స్టార్ట్ చేసేశాడు. ఒక్క ముక్క: నీ 58 మిల్లీమీటర్ల పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే, మెరుపు తగ్గించే ఫిల్టర్) ఆ కెనాన్ 10-18కు సరిపోదు, దానికి 67 కావాలి. తొందరపడి కొనకు, అంత వెడల్పులో పోలరైజర్ పెడితే ఆకాశం ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా వస్తుంది. మిగతాది

నీ
రాజు