సైకిల్ యాక్సిడెంట్ కేసుకు లాయరును వెతకడంలో తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

పటాన్‌చెరు దగ్గర మా బాబాయి సైకిల్‌ను డీసీఎం వ్యాన్ గుద్దింది, యాక్సిడెంట్ కేసులు చూసే మంచి లాయరు ఎవరైనా ఉంటే చెప్పండి అని అడిగినప్పుడు మీరు చూపిన ఆదరణకు మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి దండం పెడుతున్నాం. బాబాయి తొడ ఎముకకు రాడ్ వేశారు, ఇప్పుడు వాకర్‌తో నడుస్తున్నాడు. ఒంగోలు కోర్టులో పరిహారం కోసం ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేశాం, నంబరు పడింది. సాయం చేసినవాళ్లు పేర్లు రాయొద్దన్నారు, ఆ మాట మన్నిస్తున్నాం. కానీ మీరు చెప్పిన విషయాలు మా ఒక్క ఇంటితో ఆగిపోకూడదు. అందుకే ఎవరు ఏం చెప్పారో, అది ఎందుకు అంత ముఖ్యమో పూసగుచ్చినట్టు రాస్తున్నాం.

మొదటి దండం ఆ రాత్రి క్యాజువాలిటీలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు. పేషెంటును తీసుకొచ్చినవాళ్లు కంగారులో "సైకిల్ మీద నుంచి పడిపోయాడండీ" అంటారు. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసయ్యే గాయాలు రాసే) రిజిస్టరులో అదే రాస్తే, ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు లాయరు అసలు మోటారు బండే తగల్లేదని వాదిస్తాడు. ఆవిడ ఏ బండి, ఎటు నుంచి వచ్చింది, ఎక్కడ, ఎన్ని గంటలకు అని అడిగి మరీ రాశారు. డిశ్చార్జి సమ్మరీలోనూ అదే మాట ఉండాలి. ఇంటికి బయల్దేరే ముందే చదివి, తేడా ఉంటే అక్కడే దిద్దించుకోండి. బిల్లులు ఒరిజినల్స్ దాచండి, ప్రతి మందుల బిల్లుకూ డాక్టరు చీటీ జత చేయండి. ఎక్స్‌రే రిపోర్టుతో పాటు ఫిల్ములూ కావాలి. ఫిజియోథెరపీ, ఆటో, పక్కన మనిషిని పెట్టుకున్న ఖర్చు కూడా అడగొచ్చు కాబట్టి వాటికీ రసీదులు తీసుకోండి. 2025 మే నుంచి కేంద్ర ప్రభుత్వ నగదురహిత చికిత్స పథకం ఉంది. మోటారు వాహనం వల్ల రోడ్డు ప్రమాదానికి గురైనవాళ్లకు, గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా వర్తిస్తుంది. సైకిల్ తొక్కేవాళ్లకూ వస్తుంది. ఆస్పత్రిలో అడ్వాన్సు కట్టే ముందు ఈ పథకం ఉందా అని అడగాలి.

రెండో దండం స్టేషన్‌లో మాకు ఓపిగ్గా చెప్పిన హెడ్ కానిస్టేబుల్‌గారికి. బండి ఓనరు తరఫువాళ్లు వచ్చి "కేసెందుకు, ఆస్పత్రి ఖర్చు మేం చూసుకుంటాం" అని తెల్లకాగితం మీద సంతకం అడగడం మామూలే. ఆ సంతకం పెట్టకండి. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటే నష్టపరిహారం కట్టేది కంపెనీ. ఓనరు పదో ఇరవయ్యో వేలు ఇచ్చి రాజీ కాగితం రాయించుకుంటే ఎఫ్‌ఐఆర్ పడదు, తర్వాత ఆపరేషన్‌కు లక్షలైనా అడిగే దారి ఇరుకవుతుంది. ఎఫ్‌ఐఆర్ మొదట బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281, 125(ఎ) సెక్షన్ల కింద కడతారు. ఎముక విరిగితే అది చట్టం దృష్టిలో తీవ్ర గాయం. గాయాల సర్టిఫికెట్ రాగానే 125(బి)కి మార్చారో లేదో కనుక్కోవాలి. ఆస్పత్రి హడావిడిలో ఫిర్యాదు రెండు మూడు రోజులు ఆలస్యమైతే కంగారు పడొద్దు. ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే ఎందుకు ఆలస్యమైందో ఫిర్యాదులోనే ఒక ముక్క రాయాలి.

2022 నాటి రూల్స్ ప్రకారం, అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన ప్రకారం, దర్యాప్తు అధికారి 48 గంటల్లో, పరిహారం క్లెయిములు విచారించే ట్రైబ్యునల్‌కు మొదటి యాక్సిడెంట్ రిపోర్టు పంపాలి, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ఇవ్వాలి. దాన్నే క్లెయిమ్ పిటిషన్‌గా తీసుకునే వీలుంది. అయినా దాని మీదే భారం వేసి కూర్చోవద్దని హెడ్‌గారే చెప్పారు. స్టేషన్ నుంచీ కోర్టు నుంచీ ఎఫ్‌ఐఆర్, రఫ్ స్కెచ్, పంచనామా, ఎంవీఐ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, గాయాల సర్టిఫికెట్, చార్జిషీటు, బండి ఆర్‌సీ, పాలసీ, డ్రైవరు లైసెన్సు కాపీలు తెచ్చుకోవాలి. వీటిలో రఫ్ స్కెచ్‌ను జాగ్రత్తగా చూడండి. సైకిల్ రోడ్డుకు ఏ వైపు ఉన్నట్టు గీశారన్నదాని మీదే సగం వాదన నడుస్తుంది. సైకిల్‌ను రిపేరుకివ్వకండి, తుక్కుకు వేయకండి. వెనక చక్రం ఎలా ఒంగిందో, మడ్‌గార్డు మీద ఏ రంగు పెయింటు అంటిందో దగ్గర నుంచి ఫొటోలు తీసి పెట్టండి. దగ్గర్లో షాపుల సీసీ కెమెరాల్లో కొన్ని రోజులకే పాతది చెరిగిపోతుంది. అది తీసుకోమని పోలీసులకు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోవాలి.

సైకిల్ మోటారు వాహనం కాదు. లైసెన్సు అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు, మోటారు వాహనాల చట్టంలోని హెల్మెట్ సెక్షన్ సైకిల్‌కు వర్తించదు. ఇవి లేవు కాబట్టి పరిహారం రాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. రాంగ్ సైడులో వచ్చాడు, చీకట్లో వెనక రిఫ్లెక్టరు కూడా లేదు అని మాత్రం అవతలివాళ్లు వాదించగలరు, అప్పుడు కొంత శాతం కోత పడొచ్చు.

ఇక లాయరు సంగతి. అందరికన్నా ఎక్కువ రుణపడింది ఒక సీనియర్ ప్లీడరుగారికి. తాను కేసు తీసుకోనని ముందే చెప్పి, ఎవరి దగ్గరికెళ్లినా ఏం అడగాలో విడమరిచి చెప్పారు. ఆస్పత్రి బెడ్ దగ్గరికొచ్చి "ఫీజు వద్దు, వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇవ్వండి" అనే మనిషిని దూరం పెట్టమన్నారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం లాయరు కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, వచ్చిన సొమ్ములో వాటా అడక్కూడదు, మనుషుల్ని పెట్టి కేసులు తెప్పించుకోకూడదు. అమెరికాలో ఉన్న బంధువులు గెలిస్తేనే ఫీజు ఇచ్చే పద్ధతి మంచిదంటారు. అక్కడ అది మామూలే, ఇక్కడ చెల్లదు. ఫీజు ఎంతో ఒక మొత్తంగా మాట్లాడుకుని, ఏ దశలో ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసుకుని, ఇచ్చినప్పుడల్లా రసీదు తీసుకోవడమే సరైన పద్ధతి.

ఆయన చెప్పిన ప్రశ్నలు ఇవి. ప్రస్తుతం మీ చేతిలో ఎన్ని ఎంవీఓపీలు (వాహన ప్రమాద పరిహారం పిటిషన్లు) నడుస్తున్నాయి? సాక్షుల విచారణ మీరే చేస్తారా, జూనియర్‌కు వదిలేస్తారా? ఆపరేషన్ చేసిన డాక్టరును కోర్టుకు పిలిపిస్తారా, ఆయన రాలేకపోతే కోర్టు ద్వారా అడ్వొకేట్ కమిషనర్‌ను వేయించి ఆస్పత్రిలోనే సాక్ష్యం తీసుకుంటారా? ఈ ఇన్సూరెన్స్ కంపెనీ ప్యానెల్లో, అంటే వాళ్ల తరఫున వాదించే లాయర్ల జాబితాలో మీరు ఉన్నారా? చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతాం, కానీ తప్పక అడగాలి. డాక్టరు ప్రశ్నకు "సర్టిఫికెట్ చాలు, డాక్టరెందుకు" అనే సమాధానం వస్తే ఇంకొకరిని చూసుకోండి. ఈ-కోర్ట్స్ సైట్‌లో జిల్లా కోర్టును ఎంచుకుని లాయరు పేరుతో వెతికితే ఆయన కేసులు కనిపిస్తాయి. ఊరంతా తెలిసిన పేరు కన్నా, ఆ కోర్టులో ఎంవీఓపీలు సాక్ష్యం దాకా నడిపి అవార్డు (పరిహారం తీర్పు) తెచ్చిన మనిషి మేలు.

వకాల్తా మీద తప్ప ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేయకండి. వేసిన పిటిషన్ కాపీ, ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే, అంకెలూ అక్షరాలూ కలిపి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబరు తీసుకోండి, దానితో వాయిదాలు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. లాయరును మార్చాల్సి వస్తే పాత వకాల్తాకు ఆయన నో అబ్జెక్షన్ తీసుకోవాలి. ఫీజు బాకీ ఉందని చెప్పి ఆయన మన ఫైలు ఆపడానికి వీల్లేదని 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

కేసు ఎక్కడ వేయాలన్న సందేహం తీర్చింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా పనిచేస్తున్న అక్క. యాక్సిడెంట్ సంగారెడ్డి జిల్లాలో జరిగినా, క్లెయిమ్ చేసే మనిషి నివాసం ఉన్నచోట వేసుకోవచ్చు. అందుకే ఒంగోలులో వేశాం, బాబాయి కాలుతో ప్రతి వాయిదాకూ అంత దూరం వెళ్లే బాధ అలా తప్పింది. డబ్బు లేక ఆగిపోయినవాళ్లు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే ఆ ఆఫీసుకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి చూస్తారు. గడువు గురించి కూడా అక్కే హెచ్చరించింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే పిటిషన్ వేయాలన్న నిబంధన అమల్లో ఉంది. దాని చెల్లుబాటు సుప్రీంకోర్టు ముందుంది, ఆలస్యమైందని కేసులు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం కూడా వచ్చింది. అయినా ఆరు నెలలే గడువనుకుని పని చేయడం క్షేమం.

పరిహారం లెక్క మాకు బొత్తిగా తెలియదు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన కూర్చోబెట్టి నేర్పించారు. బాబాయి లాంటి తాపీమేస్త్రీకి జీతం స్లిప్పు ఉండదు. అప్పుడు పనిచేయించిన కాంట్రాక్టరు సాక్ష్యం, ఫోన్‌పేలోనో బ్యాంకు ఖాతాలోనో పడిన కూలి డబ్బు చూపించాలి. అవీ లేకపోతే కనీస వేతనాల లెక్కన చూస్తారు. ఉదాహరణకు నెలకు 15,000 ఆదాయం, 34 ఏళ్ల వయసు, సంపాదనా శక్తిలో 20 శాతం నష్టం అనుకుందాం. ఏడాది ఆదాయాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు, 31 నుంచి 35 ఏళ్లవాళ్లకు అది 16. సొంత పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్లలోపు అయితే భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు, అంటే నెలకు 21,000. దాన్ని 12తో, 16తో గుణించి, వచ్చినదాంట్లో 20 శాతం ఎంతో చూస్తే 8,06,400. పెరుగుదల అడగడం మరిచిపోతే అదే లెక్క 5,76,000 దగ్గర ఆగిపోతుంది. వైద్యం ఖర్చు, నొప్పి బాధలకు ఇచ్చేది, మంచాన ఉన్న నెలల కూలి దీనికి అదనం.

ఇక్కడే చాలా కేసులు దెబ్బతింటాయి. సదరం (వైకల్యం) సర్టిఫికెట్‌లో కాలికి 40 శాతం అని ఉన్నంత మాత్రాన సంపాదనలో 40 శాతం పోయినట్టు కాదు, 40 లోపే అని కూడా కాదు. ఆ మనిషి చేసే పనిని బట్టి చూడాలని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడికి మోకాలు పూర్తిగా ముడవకపోతే పెద్ద నష్టం లేకపోవచ్చు. గొంతుక్కూర్చుని ఇటుక పేర్చి, పరంజా ఎక్కాల్సిన మేస్త్రీకి అదే మోకాలు బతుకుతెరువు. ఈ మాట వైద్యం చేసిన డాక్టరు నోట కోర్టులో రావాలి. డాక్టరు సాక్ష్యం గురించి లాయరును గుచ్చి గుచ్చి అడగమన్నది ఇందుకే.

ఎవరి మీద కేసు వేయాలో చెప్పిన ఆర్టీఏ ఏజెంటు తమ్ముడికీ థ్యాంక్స్. బండి నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, గడువు చూడొచ్చు. పాలసీ ప్రమాదం జరిగిన తేదీకి, ఆ గంటకు అమల్లో ఉందా అన్నదే లెక్క. ట్రాక్టరు గుద్దితే ఇంజనుకూ ట్రాలీకీ వేర్వేరు రిజిస్ట్రేషన్లు ఉంటాయి, రెండింటి కాగితాలూ తీయాలి. ఆర్టీసీ అద్దె బస్సయితే సంస్థతో పాటు బస్సు యజమానిని, అతని ఇన్సూరెన్స్ కంపెనీని కూడా చేర్చాలి.

గుద్దిన బండి దొరకనివాళ్లకు ఒక మాట. "ఇన్సూరెన్స్ ఉన్న వేరే బండిని పెడదాం, డ్రైవరును మేమే చూస్తాం" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. అది మోసం, క్లెయిమ్ పోవడమే కాక బాధితుడి మీదే క్రిమినల్ కేసు పడుతుంది. హిట్ అండ్ రన్‌కు వేరే పథకం ఉంది. తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. దరఖాస్తు ఆర్డీవో లేదా తహసీల్దారు స్థాయి విచారణాధికారికి ఇవ్వాలి. నెలలోపు బండి ఆచూకీ తేలకపోతే ఈ పథకం గురించి పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

చివరగా మా లాయరుగారి గుమస్తాగారికి. లోక్ అదాలత్‌లో రాజీ పడితే డబ్బు త్వరగా వస్తుంది కానీ దాని మీద అప్పీలు ఉండదు. అందుకని వైద్యం ఒక కొలిక్కి రాకముందు, రాడ్ తీసే ఆపరేషన్ ఖర్చు తేలకముందు ఒప్పుకోవద్దని ఆయన చెప్పారు. అవార్డు తక్కువనిపిస్తే హైకోర్టుకు 90 రోజుల్లో వెళ్లాలి. పరిహారం నేరుగా బాధితుడి ఖాతాలోకే పంపాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, బాబాయి పేరున పాసుపుస్తకం మొదటి పేజీ, క్యాన్సిల్ చేసిన చెక్కు, ఆధార్, పాన్ జిరాక్సులు పిటిషన్‌తోనే పెట్టించారు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, ఎఫ్‌ఐఆర్‌లో ఇంకోలా ఉంటే డబ్బు దగ్గర ఆగిపోతుందని చూసి, పిటిషన్‌లో రెండు పేర్లూ ఒకరివేనని రాయించింది కూడా ఆయనే.

మీ అందరికీ మా కుటుంబం తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు. కాగితాల నమూనాలు కావలసినవాళ్లు అడగండి, బాబాయి వివరాలు చెరిపేసి పంపిస్తాం.