మూలనున్న సీసం అక్షరం

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే బావా,

నీ కవరు బుధవారం అందింది. లావుగా ఉంటే పాప శుభలేఖలేమోనని సంబరపడ్డాను. విప్పితే పదకొండు పేజీల రీసెర్చి పేపర్ల జాబితా! పాప పీహెచ్‌డీకి చేరాలనుకుంటున్న గైడ్ గారివట. ఎక్స్‌రేల్లాంటి బొమ్మలు చూసి జబ్బు పట్టడం కంప్యూటర్‌కి నేర్పే పని ఆయనది. "ముప్పై ఏళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నావు, కాస్త చూసి చెప్పరా" అని నీ ముక్క. నేను తీసేవాడినే గానీ చదివేవాడిని కాదురా! అయినా నీ మాట కాదనలేక మూడు రాత్రులు కూర్చున్నాను. అర్థంకాని చోట పాపకే ఫోన్ చేశాను.

మొత్తం 142 పేపర్లు. పైన హెచ్-ఇండెక్స్ 31 అని లావుపాటి అక్షరాల్లో వేసుకున్నారు. అంటే ఒక్కోదాన్నీ కనీసం 31 సార్లు ఉదహరించిన పేపర్లు 31 ఉన్నాయని. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన పెట్టిన లెక్కట. తమ పేపర్లను తామే ఉదహరించుకున్నా మామూలుగా లెక్కలోకి వచ్చేస్తుందట. మన ఇంటి పెళ్ళిలో మనమే రెండో బంతికి కూర్చున్నట్టు!

పేపర్ల సంఖ్య చూసి నువ్వు బెదరకు, ఒక్క మంచిది చాలు. జర్మనీలో ఫ్రైబుర్గ్ వాళ్ళు 2015లో మికాయ్ అనే వైద్య చిత్రాల సదస్సులో పెట్టిన యూ-నెట్ (బొమ్మలో కావలసిన భాగాన్ని కంప్యూటర్ విడదీసే పద్ధతి) పేపరు ఎనిమిది పేజీలే. దాన్ని లక్షసార్లకు పైగా ఉదహరించారట.

నేను చూసింది ఒక్కటే: బొమ్మలు ఎక్కడివి? కంటి రెటీనా మీద ఆయనవి 19 పేపర్లున్నాయి. అన్నింట్లోనూ అవే 40 ఫోటోలు, నెదర్లాండ్స్‌లో తీసినవి. ఏటా అవే బొమ్మలు, పద్ధతి పేరు మాత్రం కొత్తది.

ఇక అసలు సంగతి. మా సెంటర్‌కి కంప్యూటర్ వచ్చినా, ఎక్స్‌రే మూలన కుడి ఎడమల గుర్తుకి పెట్టే సీసం అక్షరం పోలేదు. మా 'ఆర్' ఒక కాలు విరిగితే ప్లాస్టర్ చుట్టి వాడుతున్నాను. రోగికి ఊపిరి బిగపట్టమని తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చెప్తాను. కొండమీంచి దిగొచ్చిన సవరలకు చేత్తో చూపిస్తాను. (గిడుగు వారు ఈ ఊళ్ళోనే ఉండి సవర భాష నేర్చుకున్నారు. నాకు పది మాటలైనా రాలేదు, సిగ్గే.) ఆ అక్షరాన్ని పట్టించుకునేదెవరు అనుకునేవాణ్ణి.

అమెరికాలో మూడు చోట్ల తీసిన ఛాతీ ఎక్స్‌రేలతో, న్యుమోనియా పట్టడం నేర్పిన మెషీన్‌కి 2018లో ఒక పరీక్ష చేశారట. ఒక ఆసుపత్రి బొమ్మల్లో నూటికి 34 న్యుమోనియావి, ఇంకోచోట ఒకటే. మెషీన్ ఊపిరితిత్తులతో పాటు, టెక్నీషియన్ మూలన పెట్టిన సీసం ముక్కను కూడా చూసి ఏ ఆసుపత్రో పసిగట్టేసింది! జబ్బు తెలియకపోయినా ఆసుపత్రి తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

మెషీన్‌తో కోవిడ్ పట్టడం మీద మొదటి ఏడాది వచ్చిన పేపర్లలో 62 ఏరి కేంబ్రిడ్జ్ వాళ్ళు చూస్తే, ఆసుపత్రిలో వాడదగ్గది ఒక్కటీ లేదు. కొందరైతే కోవిడ్ లేనివాళ్ళ బొమ్మలుగా అయిదేళ్ళలోపు పిల్లల ఎక్స్‌రేలు వాడేశారు. మెషీన్ నేర్చుకున్నది పిల్లలెవరో, పెద్దలెవరో!

మీ గైడ్ గారి జాబితాలో కూడా 2020లో ఒకేసారి 17 కోవిడ్ పేపర్లున్నాయి. అక్కడ నాకు మనసు విరిగింది.

కానీ బావా, నాలుగు పేపర్లు మాత్రం బంగారం. బొమ్మలు వాళ్ళే సేకరించారు. ఒకే రోగి బొమ్మలు మెషీన్‌కి నేర్పేటప్పుడూ పరీక్షలోనూ రెండుచోట్లా పడకుండా విడదీశారు. వేరే ఊరి ఆసుపత్రిలో పరీక్షిస్తే మెషీన్ సరిగ్గా చెప్పేది 96 శాతం కాస్తా 81కి పడింది. దాచకుండా అదే రాశారు. నాలుగింట్లోనూ మొదటి పేరు ఒకే అమ్మాయిది, చివర గైడ్‌ది. ఈ పేపర్లలో పని చేసినవాళ్ళ పేరు ముందు, గైడ్ పేరు చివర వేస్తారని పాప చెప్పింది. నాలుగూ 2019కి ముందువే. తర్వాత ఆ అమ్మాయి పేరు ఎక్కడా లేదు.

పాపని ముందు ఆ అమ్మాయిని వెతికి పట్టుకుని మాట్లాడమను. ఎందుకు వెళ్ళిపోయిందో తెలిశాకే ఫీజు కట్టు.

పాప ఆ సీసం అక్షరాన్ని చూస్తానంది. వచ్చే ఆదివారం ఇద్దరూ నౌపడలో గుణుపూర్ బండి ఎక్కేయండి. మీ చెల్లెలు పనసపొట్టు కూర చేస్తానంటోంది. రిటర్న్ టికెట్ తీసుకోకు.

నీ
ఎక్స్‌రే బావ