మన ఎండ వేరు, ఆ ఎడారి ఎండ వేరు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల్లో చాలామంది వేసవిలోనే ప్రయాణం పెట్టుకుంటారు. అక్కడ మనవళ్లకు బడి సెలవులు జూన్, జూలై నెలల్లోనే కదా. పిల్లలు అరిజోనాలోనో, దక్షిణ కాలిఫోర్నియాలోనో ఉంటే ‘నాలుగు గంటల్లో మెక్సికో సముద్రం చూసొద్దాం’ అని కారెక్కిస్తారు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మనవాళ్లకు మెక్సికో వీసా వేరే అక్కర్లేదు కాబట్టి అనుకున్నదే తడవు బయల్దేరడమే. అరిజోనాలోని ఫీనిక్స్ నుంచి మెక్సికో తీరంలోని ప్యూర్తో పెన్యాస్కో ఊరికి సుమారు 340 కిలోమీటర్లు. దారి పొడవునా సోనోరా ఎడారి. ‘రేణిగుంట ఎండలో పుట్టి పెరిగినోళ్లం, మాకు ఎండ కొత్తా’ అన్న ధీమాతో పెద్దవాళ్లు కూర్చుంటారు. ఆ ధీమా ఎందుకు పనికిరాదో తెలియజేయాలనే ఈ ఉత్తరం.

మే నెలలో తిరుపతిలో పది నిమిషాలు నడిస్తే చొక్కా వీపుకు అతుక్కుంటుంది. ఆ తడి మనకు హెచ్చరిక. నీళ్లు తాగమని ఒళ్లే చెబుతుంది. సోనోరాలో జూన్ నెల మధ్యాహ్నం గాలిలో తేమ బాగా పడిపోతుంది. చెమట బయటికి వచ్చీరాగానే ఆవిరవుతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, మనిషి మాత్రం గంటకు లీటరు దాకా నీరు పోగొట్టుకుంటూ ఉంటాడు. నల్లని బట్టల మీద తెల్లగా ఉప్పు చారలు కనిపించేదాకా ఆ సంగతి తెలియదు. అరవై దాటినవారికి దాహం వేయడమే ఆలస్యంగా, తక్కువగా ఉంటుంది. అందుకని దాహాన్ని నమ్ముకోకూడదు. ఆగిన ప్రతిచోటా మూత్రం రంగు చూసుకోవాలి. లేత నిమ్మరసం రంగులో ఉంటే సరే. ముదురు పసుపులోకి దిగితే అప్పటికే లోటు పడినట్టు. బాత్‌రూముకు ఆపమని అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం మానేసే అమ్మలు మన ఇళ్లలో చాలామంది. ఎడారి దారిలో అది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అడగకముందే గంటన్నరకోసారి కారు ఆపడం నడిపేవాళ్ల బాధ్యత.

ఎండలో బయట ఉన్నప్పుడు పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరు తాగాలి. మంచిదే కదా అని గంటకు లీటరున్నర మించి తాగకూడదు. వట్టి నీళ్లు అంత వేగంగా పడితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, తికమక మొదలవుతాయి. వడదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్లు తాగించి మనిషిని మరింత ప్రమాదంలోకి నెడతారు. చెమట బాగా పోయిన రోజు మధ్యమధ్యలో ఓఆర్‌ఎస్ ఇవ్వాలి. లీటరు నీటికి కలిపే పెద్ద ప్యాకెట్లు ఇక్కడినుంచే పదో పన్నెండో తీసుకెళ్లండి. ఒక ప్యాకెట్‌ను కచ్చితంగా లీటరు నీటిలోనే కలపాలి, గ్లాసు నీటిలో కలిపితే మేలుకు బదులు కీడు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాను తలగొట్టి కొలిచి వేయాలి. మెక్సికో మందుల దుకాణంలో ‘సుయేరో ఓరల్’ అని అడిగితే ఇలాంటిదే ఇస్తారు. బీపీకో, గుండెకో ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవారు ఓఆర్‌ఎస్ సంగతి ముందే అడిగి వెళ్లాలి.

కారులో పెట్టుకోవాల్సిన నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, అదీ కనీసం. నలుగురికి 16 లీటర్లు. ఒళ్లు తడపడానికి, రేడియేటర్‌కు ఇంకో పది లీటర్లు. అంతా ఒకే క్యానులో పోయొద్దు, అది కారిందంటే మొత్తం పోయినట్టే. రెండేసి లీటర్ల సీసాలుగా పంచి, సగం డిక్కీలో, సగం సీట్ల దగ్గర ఉంచాలి.

తిండి సంగతి ఒక్క మాట. మనవాళ్లు పులిహోర, పెరుగన్నం కట్టుకోకుండా బండెక్కరు. 32 డిగ్రీలు దాటిన వేడిలో వండిన అన్నం, పెరుగు గంటకు మించి బయట ఉంటే నమ్మడానికి లేదు. మూసిన కారులో వేడి 60 డిగ్రీల దాకా పోతుంది. అది తిని వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఎడారిలో వడదెబ్బకు దారి వేసినట్టే. ఐసు నింపిన పెట్టెలో పెట్టగలిగితేనే పెరుగన్నం. లేకుంటే మురుకులు, వేరుశనగలు, అటుకులు చాలు.

మందుల గురించి మాత్రం తిరుపతిలో ఉండగానే డాక్టర్‌ను కలవాలి. బీపీకి వాడే నీళ్ల మాత్ర ఒంట్లోని నీటిని, ఉప్పును బయటికి పంపుతుంది. బీటా బ్లాకర్ రకం మాత్రలు ఎండకు తగ్గట్టు గుండె వేగం పెరగకుండా ఆపుతాయి. నిద్ర పట్టించే పాతరకం జలుబు మాత్రలు చెమటనే తగ్గిస్తాయి. వీటిలో దేనినీ సొంతంగా మానేయకూడదు. ‘47 డిగ్రీల ఎండలో ప్రయాణం ఉంది’ అని డాక్టర్‌కు చెప్పి మోతాదు అడగాలి. వాడకం మొదలైన ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటనివ్వకూడదు. అలాగని ఐసు మీద నేరుగా పెడితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. గుడ్డలో చుట్టి, ఐసుకు తగలకుండా పెట్టెలో ఉంచాలి. గ్లూకోమీటర్ స్ట్రిప్పులను కూడా కారు డ్యాష్‌బోర్డు అరలో వదలొద్దు.

ఇక బండి. ఎండకు టైరు పేలిందంటారు. నిజానికి చాలాసార్లు అసలు కారణం గాలి తక్కువగా ఉండటం. గాలి తగ్గిన టైరు పక్కగోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది. ఆ వంపుకే లోపల వేడి పుడుతుంది. కింద కాలుతున్న తారు, పైన నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. చివరికి పైపొర ఊడొస్తుంది. గాలిని తెల్లవారుజామున, బండి కదలకముందే కొలవాలి. ఎన్ని పాయింట్లు పట్టాలో డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉండే అంకె అది తట్టుకోగల గరిష్ఠం, దాన్ని పట్టించుకోవద్దు. వేడి సుమారు 5 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక పాయింటు చొప్పున గాలి పెరుగుతుంది. మధ్యాహ్నం కొలిస్తే ఐదారు పాయింట్లు ఎక్కువ కనిపిస్తాయి. పేలుతుందేమోనని అప్పుడు గాలి తీసేయడం పెద్ద తప్పు, సాయంత్రానికి అదే టైరు గాలి తక్కువైపోతుంది. టైరు వయసు కూడా చూడాలి. పక్కగోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల వరుసలో చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేళ్లు దాటితే నేలను పట్టే గుండీలు ఎంత బాగున్నా ఎడారికి తీసుకెళ్లొద్దు. స్టెప్నీ వయసూ, గాలీ చూడటం మరవొద్దు. అక్కడి చాలా కార్లలో స్టెప్నీ సన్నగా ఉంటుంది. దాన్ని గంటకు 80 కిలోమీటర్ల వేగం లోపల, కొద్ది దూరమే నడపాలి. కొన్ని బండ్లలో అదీ ఉండదు, పంక్చరు మందు డబ్బా, చిన్న పంపు మాత్రమే ఇస్తారు. సాన్ లూయిస్ రియో కొలరాడో నుంచి సోనోయ్టా దాకా 2వ నంబరు రహదారి మీద దాదాపు 200 కిలోమీటర్లు పినకాతే ఎడారిని ఆనుకుని పోవాలి. మన రోడ్ల మీద లాగా ప్రతి కూడలిలో పంక్చరు షాపు ఉండదు. బాహా (కాలిఫోర్నియాకు దిగువన ఉన్న మెక్సికో ద్వీపకల్పం) వైపు ఎల్ రొసారియో దాటాక 300 కిలోమీటర్ల వరకు నమ్మకమైన పెట్రోలు బంకే కనపడదు. అందుకే అర ట్యాంకు కిందికి దిగనివ్వకూడదు.

రేడియేటర్‌లో కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం ఉండాలి. మంచి మూతతో ఆ కలయిక సుమారు 129 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు అరిగితే ఒత్తిడి నిలవదు, 106 దగ్గరే మరుగుతుంది. కొత్త మూతకు అయ్యే ఖర్చు చాలా తక్కువ, మార్చేయడమే మంచిది. హోస్ పైపులు నొక్కి చూడాలి. మెత్తగా ఉబ్బినా, గట్టిబడి పగుళ్లు కనిపించినా మార్చాలి. బ్యాటరీని చలికంటే వేడే ఎక్కువగా చంపుతుంది. మూడేళ్లు దాటి ఉంటే పరీక్ష చేయించాలి.

మెక్సికో సరిహద్దులోని మెహికాలి ఊరు దాదాపు సముద్ర మట్టం దగ్గరుంది. అక్కడినుంచి పడమరగా తికాతే వైపు వెళ్తే లా రుమొరోసా ఘాట్ రోడ్డు 1,200 మీటర్లకు పైగా ఎక్కిస్తుంది. తిరుమల కొండకన్నా ఎత్తు, అదీ 45 డిగ్రీలకు పైబడే వేడిలో. ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి పోతుంటే ముందు ఏసీ ఆపాలి. అద్దాలు దించి, హీటర్ పూర్తిగా పెట్టాలి. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇంజన్ వేడిని బయటికి లాగే రెండో రేడియేటర్ అదే. ఒకటి రెండు నిమిషాల్లో ముల్లు దిగకపోతే, లేదా ఆవిరి కనిపిస్తే, రోడ్డు పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. బానెట్ లేపి, కనీసం ముప్పావుగంట మూత ముట్టుకోకూడదు. మూత తీయగానే ఒత్తిడి పోయి లోపలి నీరంతా ఒక్కసారి ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఆత్రపడి కాలిన ఇంజన్ మీద చల్లటి నీళ్లు పోస్తే ఇంజన్ పైభాగమైన హెడ్ పగలవచ్చు. దిగేటప్పుడు మొగిలి ఘాట్‌లో లాగే చిన్న గేరులో దిగాలి. బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే బ్రేకు ఆయిలు మరిగి పెడల్ మెత్తబడిపోతుంది.

వేడి తప్పించుకోవడానికి రాత్రి పోదామంటారు. మన దగ్గర బెంగళూరుకో, చెన్నైకో రాత్రి బయల్దేరడం అలవాటే. అక్కడ అది వద్దు. కంచెలేని రోడ్ల మీద పశువులు అడ్డంగా నిలబడతాయి, బాహాలో చాలాచోట్ల రోడ్డు పక్కన దిగడానికి జానెడు జాగా ఉండదు. తెల్లవారుజామున తొలి వెలుగుకు బయల్దేరి పదకొండు లోపల చేరుకునేలా పెట్టుకోవాలి.

బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవొద్దు. ఈ మాట పెద్దవాళ్లకన్నా ముందు యువకులకు చెప్పాలి. ‘ఎదురుగా కనిపిస్తోంది కదా, పోయి సాయం తెస్తా’ అని కదిలేది వాళ్లే. పొడిగాలిలో దూరం దగ్గరగా కనిపిస్తుంది. వెతికేవాళ్లకు కారు కనిపించినట్టు మనిషి కనిపించడు. బానెట్ లేపి ఉంచి, కారు నీడ పడేవైపు బయట కూర్చోవాలి, లోపల కాదు. కూర్చునేది కూడా సీటు దిండు మీదో, పెట్టె మీదో, నేలకు అడుగు ఎత్తులో. 2021లో వెలువడిన ఉపగ్రహ పరిశోధనలో సోనోరా నేల పైపొర వేడి 80.8 డిగ్రీలు తేలింది. ఆ నేల మీద వట్టి చేయి ఆనించలేం. పొడుగు చేతుల వదులు నూలు బట్ట, తలకు తుండుగుడ్డ కప్పుకోవాలి. నీళ్లను దాచుకోవద్దు, గుక్కగుక్కగా తాగుతూ ఉండాలి. కదలిక తగ్గిస్తే చెమట ఆదా అవుతుంది, దాచిన సీసాతో కాదు. లావుపాటి కాక్టస్ కోస్తే నీళ్లొస్తాయన్న మాట నమ్మి తాగితే వాంతులు పట్టుకుంటాయి.

సాయానికి 911, పర్యాటకుల బండ్లకు ఉచితంగా సాయపడే ‘ఆంహెలెస్ వెర్దెస్’ అనే ప్రభుత్వ గస్తీకి 078. రోడ్డు నంబరు, కిలోమీటరు రాయి అంకె చెప్పాలి. సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి. మ్యాపును ముందే ఫోనులో దించుకుని, ఒక కాగితం మ్యాపు కూడా పెట్టుకోండి. అద్దానికి అతికించిన ఫోను వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది, ఏసీ గాలి తగిలేచోట ఉంచాలి. అమెరికా కారు బీమా మెక్సికోలో సాధారణంగా చెల్లదు. మెక్సికో కంపెనీ బీమా ముందే తీసుకోవాలి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వాన మబ్బులు కూడా వస్తాయి. ‘వాదో’ అన్న బోర్డు కనిపిస్తే రోడ్డు వాగులోకి దిగుతుందని అర్థం. ఎక్కడో కురిసిన వాన అక్కడికి నీరై వస్తుంది. పారుతున్న నీటిలోకి బండి దించొద్దు. దుమ్ము గోడలా లేస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీదనుంచి కాలు తీయాలి. ఎర్ర లైటు వెలుగుతుంటే వెనక వచ్చేవాడు అదే దారి అనుకుని వచ్చి గుద్దుతాడు.

మనిషి మాట తడబడినా, అడిగిందానికి పొంతన లేని జవాబు చెప్పినా, తూలినా అది వడదెబ్బే అనుకుని పని మొదలుపెట్టాలి. చెమట పడుతోంది కదా అని కాలయాపన చేయొద్దు, చెమట ఉండగానే వడదెబ్బ తగలవచ్చు. నీడకు చేర్చి, పైబట్టలు తీసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గట్టిగా విసరాలి. 35 డిగ్రీలు దాటిన గాలిని పొడి ఒంటి మీద విసిరితే వేడి ఇంకా ఎక్కించినట్టే. ఐసును గుడ్డలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. కారులో ఏసీ పనిచేస్తుంటే తడిపిన మనిషినే అందులో పడుకోబెట్టి బయల్దేరాలి, దారిలోనూ తడుపుతూ ఉండాలి. పారాసిటమాల్ ఇవ్వొద్దు. ఇది జ్వరం కాదు, ఆ మాత్ర దీనిమీద పనిచేయదు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఎవరూ తలచుకోని చోటు ఇంకొకటి ఉంది. ఆదివారం సాయంత్రం అమెరికాలోకి తిరిగొచ్చే సరిహద్దు వరుస. రెండు గంటలు నత్తనడకన కదులుతూ నిలబడితే ఎదురుగాలి ఉండదు, రేడియేటర్ ఫ్యాన్ ఒక్కటే దిక్కు. దాని మోటారు బలహీనంగా ఉంటే ఏసీ ఆగిపోవడం, ముల్లు పైకెక్కడం ఇక్కడే. ఊరి వీధుల్లోనే పది నిమిషాలు ఏసీతో బండి నిలిపి, ఆ ఫ్యాన్ తిరుగుతోందో లేదో బయల్దేరేముందు చూసుకోవాలి. ప్యూర్తో పెన్యాస్కో దారిలోని లూక్‌విల్ సరిహద్దు రాత్రి మూసేస్తారు, ఆ సమయం కనుక్కోవాలి. వరుసలో ఉండగా ఏదో కొనడానికి దిగినా, పసివాళ్లను ‘ఒక్క నిమిషం’ అని మూసిన కారులో వదలొద్దు. పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీలు ఎక్కుతుంది, అద్దం వేలెడు దించినా పెద్ద తేడా ఉండదు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది.

ఇట్లు,
మోటారు వాహనాల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
తిరుపతి