పాతబస్తీ కథ తెలుగులోనూ చెప్పించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. చార్మినార్ చుట్టూ జరిగే హెరిటేజ్ వాక్ గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఈ మధ్య నేను వెళ్లిన నడకలో గైడ్ మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లిష్‌లోనే చెప్పారు. మాతో వచ్చిన నల్గొండ పెద్దావిడ ఒకామె "ఏం చెప్తుండు బిడ్డా?" అని మనవణ్ని అడుగుతూనే ఉంది. తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించిన ఇబ్రహీం కుతుబ్ షా కొడుకు మహమ్మద్ కులీ కట్టించిన ఊరు ఇది. దీని కథ తెలుగులో వినే వీలు లేకపోతే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఇంకో మాట. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా చూపించి నడక అయిపోయిందంటే ఎలా సార్? పత్తర్‌గట్టి దగ్గరే ముహర్రంలో పీర్లు నిలిపే బాద్షాహీ అషుర్‌ఖానా ఉంది. లోపల గోడల నిండా 1611 నాటి రంగు పలకల పని. దగ్గరికి వెళ్లి చూస్తే పైభాగంలో మెరిసే పలకలు, కింది భాగంలో వాటిని అనుకరిస్తూ వేసిన రంగులు కనిపిస్తాయి. 1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో కింది పలకలు పాడైపోయాయి. ఆ వరద గురించి పుస్తకంలో ఎన్ని పేజీలు చదివినా ఆ గోడ చెప్పినంత బాగా అర్థం కాదు. అయితే అది ప్రార్థనా స్థలం. ముహర్రంలో అక్కడ ఎలా మసలుకోవాలో, అసలు ఎప్పుడు వెళ్లకూడదో బస్తీలో పుట్టిపెరిగిన వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అందుకే గైడ్లుగా పాతబస్తీ యువతీయువకులనే తీసుకోండి. శిక్షణ, గుర్తింపు కార్డు, నెలనెలా జీతం ఇవ్వండి. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడేవాళ్లు ఆ గల్లీల్లో ఎంతోమంది ఉన్నారు.

వేళ సంగతి కూడా చూడాలి. తెల్లవారి నడిస్తే చార్ కమాన్‌ల, అంటే నాలుగు పెద్ద తోరణాల ఎత్తు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ తీరు తీరిగ్గా చూడొచ్చు. పొద్దెక్కితే ట్రాఫిక్‌లో తలెత్తే వీలుండదు. కానీ అంత పొద్దున లాడ్ బజార్ తెరిచి ఉండదు. లక్కను బొగ్గుల మీద వేడి చేసి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరేలోపు రాళ్లు అద్ది గాజులు చేసే పని చూడాలంటే మధ్యాహ్నం కావాలి. 2024లో ఆ లక్క గాజులకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అవి చేసే చేతులను చూపించకుండా కేవలం దుకాణాల ముందు నుంచి నడిపిస్తే ఏం లాభం? ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రెండు వేర్వేరు నడకలు పెట్టండి. దారిలో ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్ కూడా తప్పనిసరి.

సెప్టెంబరు 27 ప్రపంచ పర్యాటక దినోత్సవం. తెలుగు నడకను ఆ రోజు ప్రకటించి, మర్నాడు, అంటే వరద వచ్చిన తేదీన, అషుర్‌ఖానా నుంచి మొదలుపెట్టించమని కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుడు