గిరీశాన్నీ ప్రశ్నపత్రంలోకి తేవాలి

సంపాదకులకు,

డిగ్రీ, పీజీ తెలుగు తరగతుల్లో జెండర్ అధ్యయనం అనగానే స్త్రీ పాత్రల వేదన మీద ఒక వ్యాసం రాయించి సరిపెట్టుకోవడం అలవాటైపోయింది. మగతనాన్ని ప్రశ్నించనక్కరలేని సహజ గుణంగా భావించి పురుష పాత్రలను వదిలేస్తున్నాం. ఈ లోటు తీర్చుకోవడానికి విదేశీ సిద్ధాంత గ్రంథాలను ఆశ్రయించవలసిన పని లేదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1909లో గురజాడ చేతిలో బాగా మారి వెలువడిన కన్యాశుల్కం నాటకం ఉండనే ఉంది.

అందులో మగతనం ఒక్క తీరున కనిపించదు. అగ్నిహోత్రావధాన్లుకు అది ఇంటిల్లిపాదినీ హడలగొట్టే కోపం, గిరీశానికి ఇంగ్లీషు ధాటి, సంస్కర్త వేషం, రామప్పపంతులుకు వేశ్యను ఉంచుకోగల హోదా. గిరీశాన్ని వెతుక్కుంటూ పూటకూళ్లమ్మ చీపురుతో వచ్చినప్పుడు చివరి ఇద్దరూ ఒకే మంచం కింద నక్కి ఉండడం హాస్యమే గాని, గురజాడ విమర్శ అక్కడే పదునెక్కింది.

ఆడపిల్ల వేషం వేసిన కరటకశాస్త్రి శిష్యుణ్ణి ముసలి లుబ్ధావధాన్లు డబ్బిచ్చి మరీ పెళ్లాడతాడు. చీర, సిగ్గు, వంచిన తల ఉంటే చాలు, పెళ్లికూతురని అందరూ నమ్మేస్తారు. సానులంటే గిట్టని వకీలు సౌజన్యారావు పంతులును కలుసుకోవడానికి వేశ్య మధురవాణి చివరి అంకంలో మగవేషం కట్టవలసి వస్తుంది. ఆ మధురవాణినే స్థానం నరసింహారావు రంగస్థలం మీద పోషించారు. మగవాడు స్త్రీగా నటిస్తూ, ఆ స్త్రీగా మళ్లీ పురుష వేషం వేసినప్పుడు ప్రేక్షకుడు ఏ గుర్తులను బట్టి ఆడ, మగ అని పోల్చుకుంటున్నాడన్న చర్చకు ఒక తరగతి మొత్తం కేటాయించినా చాలదు. అయితే వేషం వేరు, ఒక వ్యక్తి తన జెండర్‌ను తానుగా గుర్తించుకోవడం వేరు. రెండోదాన్ని సుప్రీంకోర్టు 2014లో హక్కుగా అంగీకరించింది. నాటకంలోని నవ్వులాటను ట్రాన్స్‌జెండర్ల జీవితానికి అంటగట్టకుండా పాఠం చెప్పడం అధ్యాపకుల బాధ్యత.

పి. పుల్లయ్య దర్శకత్వంలో 1955లో వచ్చిన సినిమాను కూడా నాటకం పక్కన పెట్టి చూపించాలి. ఎన్.టి. రామారావు గిరీశంగా కనిపించినప్పుడు, పుస్తకంలో మనం అసహ్యించుకున్న మోసం తెర మీద ఎంత ముచ్చటగా తోస్తుందో (నాకైతే తోచింది) విద్యార్థుల చేతనే రాయించవచ్చు. మధురవాణి పాత్రచిత్రణ మీద ఏటా అడిగే ప్రశ్నతో పాటు, గిరీశం మగతనాన్ని నాటకంలోనూ సినిమాలోనూ పోల్చి విశ్లేషించమనే ప్రశ్నను వచ్చే విద్యాసంవత్సరం నుంచైనా చేర్చవలసిందిగా విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాలను కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు, విజయనగరం