విద్యాశాఖ మంత్రి గారికి, కటాఫ్ తేదీకి తొమ్మిది రోజుల ముందు పుట్టినవాడి తల్లి రాసేది

మంత్రి గారూ, నమస్కారం.

మా వాడు స్కూల్ కటాఫ్ తేదీకి, అంటే ఏ పిల్లలు ఏ క్లాసులో చేరాలో వయసుని బట్టి తేల్చే తేదీకి, తొమ్మిది రోజుల ముందు పుట్టాడు. ఇంకో పది రోజులు కడుపులో ఆగుంటే కింద క్లాసులో అందరికన్నా పెద్దోడిగా దర్జాగా కూర్చునేవాడు, ఆగలేదు కాబట్టి పై క్లాసులో అందరికన్నా బుడ్డోడు అయ్యాడు. వాడి బెంచీలో కూర్చునే పాప వాడికన్నా పదకొండు నెలలు పెద్ద. మనలాంటోళ్ళకి పదకొండు నెలలు ఒక లెక్కా అండీ, కానీ నాలుగేళ్ళు అప్పుడే నిండినవాడికి అది వాడు బతికిన బతుకులో దాదాపు నాలుగోవంతు. ఇద్దరికీ ఒకటే పుస్తకం, ఒకటే హోంవర్కు, ఒకటే రిపోర్ట్ కార్డు.

హోంవర్క్ సంగతి చెప్తా. నాలుగు గీతల నోట్‌బుక్, ఒక పేజీ నిండా ఒకటే అక్షరం రాయాలి. మా వాడు పెన్సిల్‌ని చెంచా పట్టుకున్నట్టు పిడికిలితో పట్టుకుంటాడు, నేను వేళ్ళు సర్ది పెడతా, రెండు అక్షరాలు అయ్యేసరికి మళ్ళీ పిడికిలి. మూడో లైన్‌కి వచ్చేసరికి అక్షరం గీత దాటి కిందకి జారిపోయింది, రబ్బర్ పెట్టి రుద్దాడు, రుద్దిన చోట పేజీ చిరిగింది, దాంతో ఏడుపు. "అమ్మా, నా చెయ్యి నా మాట వినట్లేదు" అన్నాడు. నేను అరిచాను కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత చదివితే తెలిసింది ఏంటంటే, పుట్టినప్పుడు పిల్లల మణికట్టులో ఉండేది అంతా మెత్తటి కార్టిలేజే అంట, అది ఒక్కో ఎముకగా గట్టిపడుతూ రావడానికి ఏళ్ళు పడుతుంది, చివరిది గట్టిపడేసరికి తొమ్మిదేళ్ళు దాటుతాయి. ఎముకలొక్కటే కారణం అనట్లేదు, వేళ్ళలో పట్టు, కంటికీ చేతికీ పొందిక, ఇవన్నీ కూడా వాటి టైమ్‌కే వస్తాయి. వాడు చెప్పింది నిజమే అన్నమాట, వినట్లేదు.

రెండు నెలలకి డైరీలో నోట్ వచ్చింది. ఏకాగ్రత లేదు, సీట్లో కూర్చోడు, ఒకసారి డాక్టర్‌కి చూపించండి అని. మా ఆయనా నేనూ ఆ రాత్రి నిద్రపోలేదు. టీచర్ని తిట్టట్లేదండీ, ఆవిడ ముందు అంతమంది పిల్లలు ఉన్నప్పుడు కదలకుండా కూర్చున్నవాడు బాగున్నట్టు, కదిలేవాడు బాలేనట్టు కనిపించడం సహజం. కానీ ఈ విషయం మీద అమెరికాలో చేసిన స్టడీ ఒకటి 2018లో వచ్చింది, నాలుగు లక్షలకి పైగా పిల్లల రికార్డులు చూశారు. సెప్టెంబర్ 1 కటాఫ్ ఉన్న రాష్ట్రాల్లో ఆగస్టులో పుట్టినవాళ్ళకి, అంటే క్లాసులో అందరికన్నా చిన్నోళ్ళకి, సెప్టెంబర్‌లో పుట్టినవాళ్ళకన్నా ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, కుదురుగా ఉండలేకపోయే సమస్య) అని ముద్ర పడటం 34 శాతం ఎక్కువ. ఆ కటాఫ్ లేని రాష్ట్రాల్లో ఆ రెండు నెలల మధ్య అలాంటి తేడా కనపడలేదు. అంటే ఆ పిల్లల్లో కొంతమందికి ఉన్నది జబ్బు కాదు సార్, పుట్టినరోజు. నిజంగా ఆ సమస్య ఉన్న పిల్లలు ఉంటారు, వాళ్ళకి వైద్యం అందాలి, కాదనను.

స్కూల్ వయసు అనగానే అందరూ ఫిన్లాండ్ పేరు ఎత్తుతారు, నేనూ ఎత్తుతా. అక్కడ ఏడేళ్ళు వచ్చే సంవత్సరం ఒకటో క్లాస్, దానికి ముందు ఒక ఏడాది ఆటలతో నడిచే ప్రీ-ప్రైమరీ. ఎస్తోనియాలో కూడా ఏడే. న్యూజిలాండ్‌లో ఐదేళ్ళకి చదవడం నేర్చుకున్నవాళ్ళనీ ఏడేళ్ళకి మొదలెట్టినవాళ్ళనీ పోల్చి చూస్తే పదకొండేళ్ళు వచ్చేసరికి చదివే వేగంలో తేడా లేకుండా పోయింది. మరి రెండేళ్ళు ముందే మొదలెట్టి పిల్లల్ని పెట్టించిన ఏడుపులన్నీ దేనికి?

అలా అని అందరికీ ఏడేళ్ళు చేసేయండి అని అడగట్లేదు. మీ ఆఫీసర్లు వెంటనే "మరి ఉద్యోగాలు చేసే తల్లులో" అంటారు, కరెక్టే, నేనూ ఉద్యోగం చేస్తున్నదాన్నే, పిల్లాణ్ణి ఇంకో ఏడాది ఇంట్లో ఉంచుకోమంటే ఎవరు ఉంచుకోవాలి, అది చివరికి ఆడదాని జీతం మీదకే వస్తుంది. పైగా ఇంట్లో పుస్తకాలు, పట్టించుకునే టైమ్ లేని పిల్లలకి తొందరగా మంచి చోట చేరడం మేలు చేస్తుంది, 1962లో అమెరికాలో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం 123 మంది పేద పిల్లలతో చేసింది ఇదే, అందులో ప్రీస్కూల్‌కి వెళ్ళినవాళ్ళకీ వెళ్ళనివాళ్ళకీ పెద్దయ్యాక కూడా తేడా కనపడింది. కాకపోతే అక్కడ మూడు నాలుగేళ్ళ పిల్లలు పేజీలు నింపలేదు, ఏం ఆడాలో వాళ్ళే ప్లాన్ చేసుకుని ఆడారు. అందుకే ఎప్పుడు పంపాలి అన్నదానికన్నా పంపాక ఏం చేయిస్తారన్నదే నాకు పెద్ద ప్రశ్న.

కాబట్టి అడిగేది చిన్నదే. కటాఫ్‌కి ముందు నాలుగైదు నెలల్లో పుట్టిన పిల్లల్ని ఒక ఏడాది ఆపే హక్కు తల్లిదండ్రులకి ఇవ్వండి, స్కూల్ దయ కాదు, హక్కు. ఇంగ్లండ్‌లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పుట్టినవాళ్ళ తల్లిదండ్రులు ఆలస్యంగా చేర్చుకోమని అడగొచ్చు, కానీ ఒప్పుకోవడం అధికారుల చేతిలో ఉంది, అలా వద్దు. స్కాట్లాండ్ పద్ధతి చూడండి, స్కూల్ తెరిచే రోజుకి ఐదు నిండని పిల్లాణ్ణి ఇంటివాళ్ళు ఒక ఏడాది ఆపితే, 2023 ఆగస్టు నుంచి వాళ్ళందరికీ ఆ ఏడాది నర్సరీ ఖర్చు కూడా ప్రభుత్వమే పెట్టుకుంటోంది. డబ్బు సంగతి తేల్చకుండా హక్కు ఇస్తే అది ఉన్నోళ్ళకి మాత్రమే పనికొస్తుంది. ఇంకోటి, ఆరేళ్ళ లోపు పిల్లలకి రాత హోంవర్క్ ఆపించండి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు.

మా పాప ఉంది, రెండోది. ఇది కటాఫ్‌కి ఇరవై రోజుల ముందు పుట్టింది, మాకు ఈ విషయంలో టైమింగ్ రాదు. అడ్మిషన్ ఫారం వారం నుంచి టేబుల్ మీదే ఉంది, వయసు గడి ఒక్కటి వదిలేసి మిగతావన్నీ నింపాను. నెలాఖరు లోపు ఇవ్వాలి. ఆలోపు మీ ఆఫీస్ నుంచి ఏదైనా వస్తుందేమో అని చూస్తున్నా.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి